పలకని మెట్టు

సముద్రానికి ఇసుకను గట్టుగా పెట్టిన దేవునికి స్తోత్రం. ఆ గట్టు దాటి నీళ్ళు ఊళ్ళ మీదికి వచ్చిన నాడు కూడా తన సింహాసనం దిగిపోని దేవునికి స్తోత్రం. నోరున్నవాళ్ళ పాటనూ, నోరు పెగలనివాళ్ళ మౌనాన్నీ ఒకే చెవితో వినే తండ్రి, ఈ నాలుగు మాటలు రాయడానికి నాలో ఇంకా ఊపిరి ఉంచినందుకు ఆయనకే మహిమ.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక చాపలు చుడుతున్నాను. మా సంఘానికి కొత్తగా కీబోర్డు వచ్చింది. దాని ముందు చిన్నపిల్లలను కూర్చోబెట్టుకుని ఒక యువకుడు మేజర్ స్కేలు నేర్పుతున్నాడు. రెండు జడల పిల్ల ఒకతి వేలితో స నొక్కింది, రి నొక్కింది. మూడో మెట్టు మీద వేలు పెట్టిందో లేదో, గుడి రెండో చివర నా గొంతు దానంతట అదే తెరుచుకుంది. "గ" అని గట్టిగా పలికాను. అందరూ వెనక్కి తిరిగి చూశారు.

"ఆంటీ, మీకు సంగీతం వచ్చా?" అన్నాడతను, ఆశ్చర్యంగా.

"రాదు బాబూ. ఆ ఒక్క స్వరమే వచ్చు" అని నవ్వేశాను. చాప అక్కడే వదిలేసి బయటికి వచ్చి, చెప్పుల దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

మాది దివిసీమలో కోడూరు అవతల ఒక పల్లె. ఒక పక్క వరి పొలాలు, ఇంకో పక్క రొయ్యల చెరువులు. గాలి ఎటు తిరిగితే ఆ వాసన: పొద్దున చెమ్మగడ్డి వాసన, మధ్యాహ్నం ఎండబెట్టిన చేపల వాసన, సాయంత్రం ఇళ్ళ నుంచి ఉల్లిపాయ వేగే వాసన. గుడి చిన్నది. పెంకుల కప్పు, సున్నం గోడలు, ఆడవాళ్ళకు ఒక పక్క, మగవాళ్ళకు ఒక పక్క ఈతాకు చాపలు. ముందు బల్ల పక్కన హార్మోనియం పెట్టె. దాని వెనక మాస్టారు.

ఆయన అప్పటికే బడి పంతులు పని నుంచి రిటైరయ్యారు. చిన్నప్పుడు బందరులో మిషను బడిలో చదువుకుంటూ డో రే మీ నేర్చుకున్నారట. ఆ తర్వాత నాటకాల్లో హార్మోనియం వాయించే ఒకాయన దగ్గర సరిగమలు నేర్చుకున్నారట. ఆ రెండూ ఆయన చేతిలో ఒకే నీళ్ళలా కలిసిపోయాయి. శనివారం సాయంత్రాలు పిల్లలందరినీ గుడిలో కూర్చోబెట్టి నేర్పేవారు. చేపల వేటకు వెళ్ళే పల్లెకారుల ఇళ్ళ నుంచి కూడా పిల్లలు వచ్చేవారు. వాళ్ళు దణ్ణం పెట్టే దేవుడు వేరైనా, "పాట నేర్చుకుంటే నోరు బాగుపడుద్ది, వెళ్ళండ్రా" అని వాళ్ళ అమ్మలు పంపేవారు.

పెట్టె మూత తీయగానే ఒక వాసన వచ్చేది. పాత తోలు, తడిసి ఆరిన చెక్క, ఎక్కడో అడుగున కాస్త ఉప్పు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ వాసన నాకు ఏ గుడిలోనూ దొరకలేదు.

మొదటి పాఠం శ్రుతి. "ఇదిగో, ఇది స. ఇది కదలదు. ఇంటికి నిట్రాడు ఎట్టాగో పాటకి ఇది అట్టాగ. మిగతావన్నీ దీన్ని బట్టే" అనేవారు. రెండో పాఠం, ఒక స నుంచి పై స దాకా మొత్తం పన్నెండు స్థానాలు, తెల్లవీ నల్లవీ కలిపి. పక్కపక్క మెట్ల మధ్య దూరం అర స్వరం. మధ్యలో ఒకటి వదిలి దూకితే పూర్తి స్వరం. మేజరు వరస ఎలా వస్తుందో ఎక్కంలా చదివించేవారు: "పూర్తి, పూర్తి, అర. పూర్తి, పూర్తి, పూర్తి, అర." మేము ఆ ఎక్కం చదువుతూ గుడి అరుగు మీద అడుగులు వేసేవాళ్ళం. పూర్తి అన్నప్పుడు పెద్ద అంగ, అర అన్నప్పుడు చిన్న అంగ. అరుగు చివర దాకా వచ్చి "స" అంటూ ఇసుకలోకి దూకడం.

ఇంగ్లీషువాళ్ళు మేజరు అనేదాన్నే మనవాళ్ళు శంకరాభరణం అంటారని చెప్పేవారు. గాంధారాన్ని అర స్వరం కిందికి దించి, ధైవతాన్నీ నిషాదాన్నీ కూడా దించితే మైనరు. మన పేరు నఠభైరవి. "ఏది వింటే మీకేమనిపిస్తుంది?" అని రెండూ పాడించి అడిగేవారు. మేజరు వింటే పెళ్ళిలా ఉందని ఒకడు, మైనరు వింటే అమ్మ ఊరెళ్ళినట్టు ఉందని ఒకతి చెప్పేది.

అయితే ఆ పెట్టెలో ఒక లోపం ఉంది. మధ్య స్థాయిలో పెద్ద గాంధారం మెట్టు పలికేది కాదు. నొక్కితే టక్కుమని చెక్క చప్పుడు, కాస్త గాలి బుస్సుమనడం, అంతే. దాని పక్క నల్ల మెట్టు, చిన్న గాంధారం, చక్కగా పలికేది. పై స్థాయిలో గ పలికేది, కింది స్థాయిలో గ పలికేది. మధ్యలో ఆ ఒక్కటే మూగది.

"ఇక్కడ పెట్టె పలకదు. మీరే పలకాలి" అనేవారు మాస్టారు. స వాయించి, రి వాయించి, ఆ మూగ మెట్టు మీద వేలు ఆనించి, మా వైపు చూసేవారు. ఒక్కొక్కరి వంతు. మేము గొంతుతో గ అనేవాళ్ళం. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. సరిగ్గా ఉంటే తల ఊపి మ వాయించేవారు. కిందికి జారితే వేలు తీయకుండా అలాగే ఉండేవారు. కోప్పడేవారు కాదు, తొందర పెట్టేవారు కాదు. "తొందరేం లేదమ్మా. రాకపోతే రేపొస్తుంది" అనేవారు. ఒక్కోసారి పిల్లలకు ఆకలి వేస్తోందని ఆయనే ముందు లేచిపోయేవారు.

మా మావయ్య కొడుకు ఒకడుండేవాడు, నాకు బావ. కోతి వేషాలన్నీ వాడివే. ఒకసారి తన వంతు వచ్చినప్పుడు మేకలా "గే..." అని అరిచాడు. గుడంతా నవ్వు. మాస్టారు కూడా నవ్వారు.

"మేక కూడా దేవుణ్ణి స్తుతిస్తుందిరా అబ్బాయ్. కాకపోతే దాన్ని కూడా శ్రుతిలో అరవమను."

"మా మేకకి శ్రుతి చెప్పండి మాస్టారూ, రేపు తోలుకొస్తా."

"తోలుకురా. నీకంటే ముందు దానికే వస్తుంది."

ఇంకొకసారి ఇదే బావ ప్రార్థన జరుగుతుండగా వంగి వెళ్ళి ఆ మూగ మెట్టు టక్కు టక్కుమని నొక్కాడు, బల్లి అరిచినట్టు. మా నాయనమ్మ కళ్ళు మూసుకునే చెయ్యి చాచి వాడి చెవి పట్టుకుంది. ప్రార్థన అయ్యేదాకా చెవీ వదల్లేదు, కళ్ళూ తెరవలేదు.

ఒక వర్షాకాలంలో మాకు మోడ్లు నేర్పారు. "వీధి ఒకటే, ఇళ్ళు అవే. ఎవరింటి గుమ్మంలో నిలబడి చూస్తే వీధి ఆ రకంగా కనపడుతుంది" అని మొదలుపెట్టారు. అవే తెల్ల మెట్లు. స నుంచి బయల్దేరితే శంకరాభరణం. రి నుంచి బయల్దేరి పై రి దాకా వెళ్తే అది ఖరహరప్రియ. మ నుంచి అయితే కల్యాణి, ప నుంచి హరికాంభోజి, ద నుంచి మన మైనరే మళ్ళీ. ఒక్క మెట్టూ మార్చకుండా, బయల్దేరే చోటు మార్చితే చాలు, ఏడ్చే పాట నవ్వే పాట అవుతుందని తెలిసి మాకు గారడీ చూసినట్టుండేది.

"మరి గ నుంచి మాస్టారూ?" అన్నాడు బావ.

"ఆధారం పెట్టె ఇవ్వాలి కదరా. పలకని మెట్టు మీద నిలబడి ఎట్టా బయల్దేరతావు?"

"పైన ఇంకో గ పలుకుతుంది కదా. అక్కణ్ణించి బయల్దేరదాం."

మాస్టారు "తర్వాత చూద్దాం" అని మూత వేసేశారు.

ఇంకో సంగతి. ఆయన పాడేవారు కాదు. ఆరాధనలో ఊరంతా పాడుతుంటే ఆయన వాయించేవారు, పెదవులు కదిలేవి కావు. మాకు స్వరం తప్పితే పెట్టె మీద చూపించేవారు, గొంతుతో ఎన్నడూ చూపించలేదు. ఆయన పాట మా ఈడు పిల్లలెవరూ వినలేదు. ఉప్పెనలో కూతురు పోయిందని తెలుసు. మా ఊళ్ళో ఉప్పెనలో ఎవరో ఒకరు పోని ఇల్లు లేదు గనక మేము దాన్ని ప్రత్యేకంగా అనుకోలేదు.

కోతల ముందు కోడూరులో చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసి పాటల కూడిక పెట్టుకున్నాయి. మా పెట్టె ఎడ్లబండి మీద గడ్డిలో పెట్టి తీసుకెళ్ళాం. మేము పాడాం. బాగానే పాడాం. కానీ ఆ మెట్టు దగ్గర పెట్టె ఆగినప్పుడల్లా వేరే ఊరి కుర్రాళ్ళు కిసుక్కుమన్నారు. భోజనాల దగ్గర ఒకాయన సాంబారు వడ్డించుకుంటూ మా సంఘ పెద్దను అడిగాడు:

"ఏవండీ, మీ పెట్టెకి ముందు పన్ను ఊడిందా ఏంటి? కట్టుడు పన్నైనా పెట్టించకపోయారా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మా పెద్దాయన ముఖం నల్లబడింది. తిరిగి వచ్చేటప్పుడు బండిలో మాస్టారిని అడిగాడు. "బందరు తీసుకెళ్తే ఒక్క పూట పని అంట మాస్టారూ. చేయించేద్దాం."

"వద్దండీ."

"మనకి నామర్దాగా ఉంది."

"అది అట్టాగే ఉండనివ్వండి. దయచేసి."

ఎందుకని ఎవరు అడిగినా అంతకు మించి చెప్పలేదు. పెట్టె ముసలిది, కదిలిస్తే మిగతావి కూడా పాడవుతాయని ఆయన భయం కాబోలు అనుకున్నారు పెద్దలు. ముసలాయన మొండితనం అనుకున్నారు కొందరు.

తర్వాత మాస్టారికి కంట్లో పొర ముదిరింది. ఆపరేషనుకు గుడివాడలో వాళ్ళ చెల్లెలి ఇంటికి వెళ్ళారు. ఆయన తిరిగి వచ్చేసరికి పెట్టెను కొత్తదానిలా చేసి చూపించాలని సంఘ పెద్దలు అనుకున్నారు. మా అయ్యగారు కూడా సంతోషించారు. కొత్తగా వచ్చిన పాస్టరుగారు ఆయన, మాస్టారంటే ప్రాణం. "కళ్ళు తెరిచేసరికి ఆయనకి బహుమానం" అన్నారు. పెట్టెను బందరు పంపారు. ఆ మెట్టుకు గాలి తగిలితే పలికే ఇత్తడి రీడు వేయించారు, గాలి తిత్తికి కొత్త తోలు వేయించారు, చెక్కకు పాలిష్ పెట్టించారు. తిరిగి వచ్చాక మూత తీసి చూస్తే ఆ పాత వాసన లేదు. పాలిష్ వాసనే. నేను ఆ మెట్టు నొక్కి చూశాను. గ అంది, గట్టిగా, స్పష్టంగా. మేమంతా చప్పట్లు కొట్టాం. చిన్నపిల్లలం కదా, ఎంత సంబరమో.

ఆ ఆదివారం మాస్టారు ఆకుపచ్చ కళ్ళద్దాలు పెట్టుకుని వచ్చారు. అందరూ ముసిముసిగా నవ్వుకుంటూ ఆయన వైపే చూస్తున్నారు. అయ్యగారు మొదటి కీర్తన చెప్పారు. మాస్టారు పెట్టె ముందు కూర్చున్నారు. మూత తీసి ఒక్క క్షణం ఆగారు. వాసన మారింది కదా. అయినా తిత్తి ఊపి, ఒకటో శ్రుతి పట్టి, అలవాటుగా వేళ్ళు కదిపారు. స, రి, గ.

గ పలికింది.

ఆయన చెయ్యి నిప్పు మీద పెట్టినట్టు వెనక్కి వచ్చేసింది. తిత్తిలో మిగిలిన గాలి మెల్లగా పోయింది. ఊరంతా పాట ఎత్తుకోవడానికి నోళ్ళు తెరిచి ఉంది. ఆయన లేచి నిలబడి, అయ్యగారికి చేతులు జోడించి, చాపల మధ్యనుంచి నడిచి బయటికి వెళ్ళిపోయారు. చెప్పులు కూడా వేసుకోలేదు. పెట్టె లేకుండానే పాడాం. ఆ పాట ఎవరికీ కుదరలేదు.

సాయంత్రం అయ్యగారూ పెద్దలూ ఆయన ఇంటికి వెళ్ళారు. తప్పయిందంటే క్షమించమన్నారు. "తప్పేం లేదండీ. మీరు ప్రేమతోనే చేశారు. నాకు తెలుసు" అన్నారట ఆయన. మళ్ళీ వాయించమంటే మాత్రం తల అడ్డంగా ఊపారట. తర్వాతి ఆదివారం నుంచి, మెట్లు కాస్తో కూస్తో తెలిసిన నన్ను కూర్చోబెట్టారు పెట్టె ముందు. మాస్టారు మగవాళ్ళ చాప మీద ఒక మూల కూర్చునేవారు. పాటల సమయంలో బయట వేపచెట్టు కిందికి వెళ్ళి, వాక్యం సమయానికి లోపలికి వచ్చేవారు. కొన్ని వారాలకు ఆయన గుడివాడలో చెల్లెలి దగ్గరికే వెళ్ళిపోతున్నారని ఊళ్ళో తెలిసింది.

మా నాయనమ్మ అప్పుడు చెప్పింది. పెరట్లో కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. నేను పక్కన తలకాయలు ఏరుతున్నాను. పిల్లి ఒకటి మా ఇద్దరి మధ్య కాచుకుని ఉంది.

"నన్నడిగితే చెప్పేదాన్ని. ఆడాళ్ళనెవరడిగారు?" అంది.

"ఏం చెప్పేదానివి నాయనమ్మా?"

"మాస్టారి కూతురు, తల్లి లేని పిల్లే అది. నీ ఈడు. బంగారం లాంటి గొంతు. కాకపోతే ఆ ఒక్క స్వరం దగ్గర కిందికి జారేది. ఉప్పెన రోజు పొద్దున్నించీ ముసురే. సాయంత్రానికి గాలి ఎక్కువైంది. ఊళ్ళో వాళ్ళం బడి మేడ మీదికి వెళ్దాం అనుకున్నాం. నేను వాళ్ళ గుమ్మంలోకెళ్ళి, మాస్టారూ రండి, పిల్లని తీసుకుని రండి అన్నాను. ఈయన ఈ పెట్టె ముందే కూర్చుని, ఆ మెట్టు నొక్కి పట్టుకుని ఉన్నాడు. పిల్ల పాడతా ఉంది. 'ఈ ఒక్కటీ వచ్చేస్తే వస్తాం, మీరు పదండి' అన్నాడు."

నాయనమ్మ కాసేపు రొయ్యలు ఒలిచింది.

"నేను వీధిలోకి దిగాక వినపడింది. వచ్చింది ఆ పిల్లకి. సరిగ్గా పలికింది. నాకు సంగీతం తెలవదు గానీ, అది సరిగ్గా ఉందని మాత్రం నాకు తెలిసింది. ఆ తర్వాత నీళ్ళొచ్చాయి."

ఆయన తుమ్మచెట్టుకు చిక్కుకుని బతికారట. నీళ్ళు తీశాక పెట్టె ఎక్కడో పొలంలో బురదలో దొరికింది. బందరులో బాగుచేయించినప్పుడు అన్ని రీడ్లూ మార్పించి, ఆ ఒక్కటీ తీయించేశారట.

"పెట్టె నోటమ్మట అది మళ్ళీ వినలేడే. పిల్లల నోటమ్మట అయితే వినగలడు. అందుకే మీ అందరి చేతా అనిపించేవాడు" అంది నాయనమ్మ.

ఆయన వెళ్ళే ముందురోజు నాయనమ్మ గోంగూర రొయ్యలు వండి, గిన్నె మీద మూత పెట్టి నాకిచ్చి పంపింది. మాస్టారి ఇంట్లో ఒక బట్టల పెట్టె సర్ది ఉంది, మంచం మీద చుట్టిన దుప్పటి ఉంది. ఆయన గుమ్మంలో కూర్చుని ఉన్నారు. గిన్నె తీసుకుని, "మీ నాయనమ్మ చెప్పిందా?" అన్నారు.

తల ఊపాను.

"కూర్చో. వెళ్ళే ముందు ఒకసారి వరస చెప్పు. పెట్టె లేకపోయినా శ్రుతి గుర్తుందిగా?"

స అన్నాను. రి అన్నాను. ఇక నా నోరు పెగల్లేదు. ఆ పిల్ల నా కళ్ళ ముందు కూర్చున్నట్టే ఉంది. ఎలా అనను ఆ స్వరం? తల దించుకుని నేలకేసి చూస్తున్నాను.

అప్పుడు విన్నాను. సన్నగా, వణుకుతూ, ఎన్నో ఏళ్ళు తెరవని తలుపు కిర్రుమన్నట్టు, కానీ ఒక్క వెంట్రుక కూడా కిందికి జారకుండా,

"గ."

మాస్టారు పాడారు.

నేను తలెత్తి చూసే ధైర్యం చెయ్యలేదు. ఆయన ఆ స్వరాన్ని ఊపిరి ఉన్నంత వరకూ పట్టుకున్నారు. ఊపిరి తీసుకుని మళ్ళీ పట్టుకున్నారు. తర్వాత మెల్లగా అన్నారు: "ఇప్పుడు ఇక్కణ్ణించి బయల్దేరు. ఇది నీకు నేర్పలేదు కదా."

గ మీద నిలబడి బయల్దేరాను. గ, మ, ప, ద, ని, స, రి, మళ్ళీ గ. అన్నీ తెలిసిన ఇళ్ళే. కానీ మొదటి అడుగే అర స్వరం, గుమ్మం దాటగానే గుంటలో కాలు పడ్డట్టు. అన్ని వరసల్లోకీ దిగులైన వరస అదే. మనవాళ్ళు దాన్ని తోడి అంటారని తర్వాతెప్పుడో తెలిసింది. పై గ దగ్గరికి చేరాక ఆగాను.

"సరిగ్గా ఉంది" అన్నారు మాస్టారు. "సరిగ్గా ఉందమ్మా. ఇక ఇంటికెళ్ళు. చీకటి పడకముందే వెళ్ళు."

ఆ చివరి మాట ఆయన ఎవరితో అన్నారో నాకు అప్పుడు తెలియలేదు.

మర్నాడు బస్సు ఎక్కించడానికి ఊరంతా వచ్చింది. బావ కూడా వచ్చాడు, నిజంగానే మేకను తోలుకుని. మాస్టారు దాని తల నిమిరారు. బస్సు కదిలాక వాడు ఏడ్చాడు, నేను ఏడవలేదు. మరుసటి ఏడాది గుడివాడ నుంచి కబురు వచ్చింది. అక్కడే సమాధి చేశారు. ఇప్పుడు ఆ పెంకుల గుడి లేదు, స్లాబు గుడి కట్టారు. పెట్టె ఎవరో పాత సామానుకు ఇచ్చేశారు. నాయనమ్మ లేదు. ఎడ్లబండి వెళ్ళిన దారికి రెండు పక్కలా ఇప్పుడు చెరువులే.

చెరలోకి పోయి, సితారాలు చెట్లకు తగిలించి, పరాయి దేశంలో ప్రభువు పాట ఎలా పాడేదని ఏడ్చినవాళ్ళ సంగతి లేఖనాల్లో చదివినప్పుడల్లా నాకు మాస్టారు గుర్తుకొస్తారు. ఆయన తన సితారను చెట్టుకు తగిలించలేదు. అందులో ఒక్క స్వరం మాత్రం తీసి పక్కన పెట్టి, మిగతాదంతా దేవునికీ మా పిల్లలకీ ఇచ్చేశారు. ఆ పెట్టెలో మైనరు తనంతట తానే పలికేది. మేజరు పలకాలంటే పక్కన ఎవరైనా కూర్చుని గొంతు కలపాల్సి వచ్చేది. దాని అర్థం నాకు తెలియడానికి నా సగం జీవితం పట్టింది.

ఇది చదువుతున్నవారా, మీ ఇంట్లోనో మీ సంఘంలోనో ఒక స్వరం దగ్గర ఆగిపోయే మనిషి ఎవరో ఒకరు ఉంటారు. వాళ్ళను బాగుచేయాలని తొందరపడకండి. పక్కన కూర్చోండి. ఇప్పుడు నాతో కలిసి కాసేపు కళ్ళు మూసుకోండి:

తండ్రీ, నీళ్ళు తీసుకుపోయిన పిల్లలందరూ నీ దగ్గరే ఉన్నారు. వాళ్ళ గొంతులు నీకు తెలుసు. ఇక్కడ మా వరసలో ఖాళీగా ఉన్న చోటు దగ్గర మేము ఆగినప్పుడు, అక్కడి నుంచి వాళ్ళ చేత పలికించు. మేము వినేదాకా మాకు ఓపిక ఇవ్వు. ఆమేన్.